దుబాయ్ డ్రైవింగ్ స్కూల్: ట్రైనర్‌కి ఐదు, ఫీజుకి రెండు స్టార్లు

దేవరకొండ నుంచి సాగర్ రోడ్డు మీద ఎనిమిదేళ్లు డీసీఎం నడిపాను. అయినా దుబాయ్‌లో రెసిడెన్స్ వీసా పడ్డాక మన లైసెన్సు చెల్లలేదు. నల్లగొండ ఆర్టీఏలో తీసుకున్న ఏడాది ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా విజిట్ వీసా వాళ్లకే పనికొస్తుంది. స్కూల్లో చేరాను.

స్టీరింగ్ ఎడమ వైపు, బండి నడిచేది కుడి వైపు. రౌండబౌట్ వస్తే చాలు, టెన్షన్. మా మలయాళీ ట్రైనర్ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. లేన్ మారే ముందు అద్దమే కాదు, భుజం మీదుగా తిరిగి చూడమని రోజూ చెప్పేవాడు. మొదటి రోడ్ టెస్టులో అది మరిచిపోయాను, ఫెయిల్. మళ్లీ క్లాసులు, మళ్లీ ఫీజు, అదే బాధ. రెండోసారి పాసయ్యాను.

మా ఊరి తమ్ముళ్లూ, పాత లైసెన్సు ఇంట్లో వదిలి రాకండి. అనుభవం చూపిస్తే క్లాసులు తగ్గుతాయి.