గోగు గింజ ఎక్కడ కొనాలి: సంత గింజ, ఆమదాలవలస గింజ, రంగుల ప్యాకెట్టు

పెరట్లో మొదటిసారి గోంగూర వేద్దామని కొట్టుకెళ్ళి "గోంగూర గింజలివ్వండి" అంటే, శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా చేతిలో పడేది మూడింట్లో ఒకటి. రైతు కళ్ళం నుంచి నేరుగా వచ్చిన విడి గింజ, నార పంట కోసం తయారైన గోగు విత్తనం (దీన్నే మెస్టా అంటారు), లేదా రంగు బొమ్మతో మెరిసే పెరటితోటల ప్యాకెట్టు. మూడూ మొలుస్తాయి, మూడింటి ఆకూ పుల్లగానే ఉంటుంది. తేడా నెలన్నర తర్వాత బయటపడుతుంది. ఒకటి పక్కకొమ్మలేసి గుబురుగా అల్లుకుంటే, ఇంకొకటి జనపకర్రలా నిటారుగా లేచి ఆకంతా చేతికందని ఎత్తుకు తీసుకుపోతుంది.

ఆ తేడా ఎందుకంటే, పుల్ల గోంగూర ఒకే జాతి అయినా అందులో రెండు దారులున్నాయి. ఆకుకీ కాయకీ పెంచేది గుబురు రకం. నారకి పెంచేది కొమ్మలు లేకుండా పది పన్నెండు అడుగులు ఎదిగే రకం. నారకి ఎత్తూ నునుపూ కావాలి, పక్కకొమ్మ వచ్చిన చోటల్లా నార తెగుతుంది. అందుకే ఏళ్ళ తరబడి కొమ్మలు రాని మొక్కలనే ఏరి విత్తనం కట్టారు. గుబురు రకం కాయ చుట్టూ ఉండే ఎర్రటి తొడిమ రెక్కలు కండపట్టి పచ్చడికి పనికొస్తాయి. నార రకంలో అవి పల్చగా, నూగుతో గుచ్చుకుంటాయి. కాయ పచ్చడి ఆశతో నార గింజ వేసినవాళ్ళకి డిసెంబరులో మిగిలేది ఆ గుచ్చుకునే కాయే.

వీటికి తోడు ఇంకో జాతి గోగు ఉంది. దాని శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్. ఆకు వేళ్ళు విప్పిన చెయ్యిలా చీలి గంజాయి ఆకుని తలపిస్తుందనే ఆ పేరు. కొత్తగా చూసినవాళ్ళు కంగారు పడటం మామూలే. పువ్వు వచ్చిందంటే అనుమానం తీరిపోతుంది: మందార కుటుంబం కాబట్టి లేత పసుపు రెక్కలు, నడుమ ముదురు ఎరుపు మచ్చ. పువ్వు వరకూ ఆగక్కర్లేదు కూడా. గంజాయిలో ప్రతి వేలూ విడి ఆకులా కాడ దాకా చీలి, అంచంతా రంపం పళ్ళలా ఉంటుంది. గోగు వేళ్ళు అడుగున ఒకదానికొకటి అతుక్కునే ఉంటాయి. అనుమతి లేకుండా గంజాయి వేస్తే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద కేసు, గోగు వేస్తే పప్పు.

ఇక సరుకు సంగతి. మా ఓటు సంత గింజకే, కానీ ఒక షరతు మీద.

సంతలోనూ పల్లె కిరాణా కొట్లలోనూ దొరికే విడి గింజ మొన్నటి డిసెంబరు, జనవరిలో కోసి ఎండబెట్టినదై ఉంటే దానికి మించినది లేదు. ఈ నేలలో పండింది, ఈ ఎండకి అలవాటుపడింది, పైగా చవక. గోగు గింజలో నూనె ఎక్కువ. తేమగాలి తగిలితే త్వరగా జీవం పోతుంది, మన సముద్రతీరపు గాలిలో గోనెసంచిలో ఉంటే మరీ త్వరగా. రెండో ఏటి గింజ చూడటానికి అలాగే ఉంటుంది, మొలకలు సగం కూడా రావు. అమ్మేవాళ్ళని "ఇది ఏ ఏటిది?" అని అడిగితే "కొత్తదేనండి" అనే అంటారు. అబద్ధమని కాదు, సంచి చేతులు మారుతూ వచ్చింది కాబట్టి వాళ్ళకీ తెలియదు.

అందుకే షరతు: తడిగుడ్డ పరీక్ష చెయ్యకుండా విత్తొద్దు. యాభై గింజలు లెక్కపెట్టండి. పాత పంచె ముక్క తడిపి, నీళ్ళు కారకుండా పిండి, దాని మీద గింజలు ఒకదానికొకటి తగలకుండా పరిచి చాపలా చుట్టండి. నీడలో ఒక గిన్నెలో పెట్టి మూత వెయ్యండి. రోజుకోసారి నీళ్ళు చిలకరించాలి, మునగనివ్వకూడదు. వేసవిలో రెండో రోజుకే తెల్లటి మొన కనిపిస్తుంది, నాలుగో రోజు విప్పి లెక్కపెట్టండి. నలభై మొలిస్తే మంచి గింజ. పాతిక ముప్పై మొలిస్తే మోతాదు ఒకటిన్నర రెట్లు పెంచి వాడుకోవచ్చు. ఇరవై లోపయితే ఆ గింజ కోళ్ళకి. మొన వచ్చాక జిగటగా, పుల్ల వాసనతో ఉన్నవి మొలకల లెక్కలోకి రావు. అవి మట్టిలో పైకి లేవవు.

రెండోది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస గింజ. అక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రం మెస్టా మీద పనిచేసే కేంద్రం. ఏఎంవి అనే పేరుతో మొదలయ్యే రకాలన్నీ అక్కడివే, ఏఎంవి అంటే ఆమదాలవలసే. రకం శుద్ధంగా ఉంటుంది, మొలక బాగుంటుంది, మొక్కలన్నీ ఒకే ఎత్తున లేస్తాయి. వంక పెట్టడానికి లేదు, అయితే అవి నార కోసం కట్టిన రకాలు. గరువు (మెట్ట) భూమిలో అరెకరం, ఎకరం వేసేవాళ్ళకి మొదటి ఎంపిక ఇదే. కుండీలో ఆకు కోసం వేసేవాళ్ళకి అక్కర్లేదు. లేతగా ఉన్న మొదటి నెలలో ఆకు రుచికి ఏ లోటూ ఉండదు, నార మళ్ళలో ఒత్తుగా లేచిన మొక్కల్ని పీకి కట్టలు కట్టి అమ్మేది ఆ వయసులోనే. తర్వాత కాండం బిరుసెక్కుతుంది. ఎకరానికి వరసల్లో విత్తితే అయిదారు కిలోలు, అంటే సెంటుకి 50, 60 గ్రాములు. వరసల మధ్య అడుగు, మొక్కల మధ్య నాలుగంగుళాలు ఉండాలి.

రంగుల ప్యాకెట్టు దగ్గర మాకు కాస్త చిరాకు. బొమ్మ మీద ఉన్నంత శ్రద్ధ వెనక అట్ట మీద ఉండదు. చూడాల్సింది మూడే: రకం పేరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ. "గోంగూర" అని మాత్రమే రాసి రకం లేకపోతే ఎరుపో తెలుపో కూడా తెలియదు. గింజల లెక్క కూడా చూడండి. గోగు గింజలు గ్రాముకి ఇంచుమించు 35, 40 తూగుతాయి. "50 గింజలు" అన్న ప్యాకెట్టులో ఉండేది గ్రామున్నర లోపే. రెండు కుండీలకి సరిపోతుంది, పది అడుగుల మడికి ఏమూలకీ రాదు. కాయ పచ్చడికి కండ రకమే కావాలని పట్టుబడితే మాత్రం రకం పేరు స్పష్టంగా రాసిన ప్యాకెట్టే దారి. గింజ గులాబీ రంగులోనో ఆకుపచ్చగానో ఉంటే మందు పట్టించారని గుర్తు. అది నానబెట్టకూడదు, మిగిలితే కోళ్ళకి వెయ్యకూడదు.

ఏ గింజ కొన్నా చెడేది ఎక్కువగా వేసే నెల దగ్గరే. గోగు పగటి వెలుగు నిడివిని చూసి పూసే మొక్క. పగలు పొడుగ్గా ఉన్నన్నాళ్ళూ ఆకేస్తుంది, కుదించుకుపోగానే పూతకి తిరుగుతుంది. మే చివర, జూన్‌లో తొలకరికి వేసినది నాలుగు నెలలు ఏపుగా పెరిగి అక్టోబరు, నవంబరులో పూస్తుంది. అదే గింజ అక్టోబరులో వేస్తే జానెడు, మూరెడు ఎత్తుకే మొగ్గేసి కూర్చుంటుంది. అప్పుడు కొట్టువాణ్ణి తిట్టుకుని లాభం లేదు. చలికాలంలో కావాలంటే ఒత్తుగా చల్లి, పాతిక రోజులకి వేళ్ళతో సహా పీకేసే కూరగా వేసుకోండి.

మడి తయారీకి పెద్ద తతంగం లేదు. ఎర్ర గరువు మట్టి అయితే అలాగే పనికొస్తుంది, తీరం వైపు ఇసుక నేలయితే గత్తం (పశువుల ఎరువు) రెట్టింపు చెయ్యాలి. వంద చదరపు అడుగులకి బాగా మాగిన గత్తం రెండు గంపలు. పచ్చిపేడ వేస్తే చెదలు పడతాయి. మడి నేలకి అర అడుగు ఎత్తులో ఉండాలి, ఎందుకో తర్వాత చెబుతాం. అడుగు ఎడంలో గీతలు గీసి, ముప్పావు అంగుళం లోతుకి మించకుండా గింజ వేసి, పొడి మట్టి కప్పండి. వంద చదరపు అడుగుల మడికి 15 నుంచి 20 గ్రాములు చాలు. విత్తిన మర్నాడు పెద్ద వాన కొట్టి ఎండ కాస్తే ఎర్రమట్టి పెచ్చు కడుతుంది, మొలక దాన్ని చీల్చుకు రాలేక లోపలే మెలికలు తిరుగుతుంది. సాయంత్రం నీళ్ళు చల్లి, కొబ్బరాకు ఈనెలతో పైపైన గీరితే చాలు, అయిదో రోజుకి వరస కనిపిస్తుంది. పన్నెండు అంగుళాల గ్రోబ్యాగు అయితే నాలుగు మొక్కలకి మించి ఉంచొద్దు.

మూడో వారంలో పలచన చెయ్యాలి, పీకినవి పప్పులోకి. కొత్తవాళ్ళు ఇక్కడే జాలి పడి అన్నీ ఉంచేస్తారు. ఒత్తుగా ఉన్న మడిలో కాండాలు దారాల్లా సాగి, మొదటి గాలికే పడుకుంటాయి. మొక్క మోకాలెత్తు వచ్చాక, దాదాపు నలభై రోజులకి, నేల నుంచి జానెడు వదిలి తల కొయ్యండి. కింద నాలుగైదు కణుపులు మిగలాలి. వాటి నుంచే కొమ్మలొస్తాయి. అక్కణ్ణుంచి పన్నెండు, పదిహేను రోజులకో కోత.

తెగుళ్ళలో భయపడాల్సింది మొదలు కుళ్ళు. వర్షాకాలంలో మడిలో ఒక పూట నీళ్ళు నిలిచాయంటే, మట్టికి తగిలే చోట కాండం చుట్టూ నల్లటి పట్టీలా మచ్చ తేలుతుంది. గోరుతో గీకితే తోలు జారిపోతుంది, లోపల గోధుమరంగు. పొద్దున వేలాడిన మొక్క సాయంత్రం నీళ్ళు పోసినా లేవదు. అది దాహంతో వాలింది కాదు కాబట్టి పోసిన నీళ్ళు పక్కమొక్కకి రోగం మోస్తాయి. పీకి దూరంగా పారెయ్యడమే. మడి ఎత్తు చెయ్యమన్నది ఇందుకే. విత్తే ముందు కిలో గింజకి 3 గ్రాముల మాంకోజెబ్ (కుళ్ళు తెగుళ్ళని ఆపే మందు) పట్టిస్తే మొలక దశలో రక్షణ.

లేత ఆకుల మీద సూదితో పొడిచినట్టు సన్నటి చిల్లులు పడితే, ముట్టుకోగానే గెంతే చిన్న పెంకు పురుగు పని. తెల్లవారి మంచు ఆరకముందే కట్టెల బూడిద చల్లండి, లేదా లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి కొట్టండి. కొన దగ్గర ఆకులన్నీ ముద్దగా ముడుచుకుని తెల్లటి పిండి కనిపిస్తే పిండినల్లి. మందు వెతికే ముందు ఆ కొన తుంచి కాల్చెయ్యండి, కింద చీమల బారు ఉంటే దాన్నీ తెంపండి. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి పిండినల్లిని మోసేది ఆ చీమలే.

అక్టోబరు మన జిల్లాలకి తుఫాన్ల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి. విత్తనానికి వదిలిన మొక్కలు అప్పటికి నిలువెత్తు ఉంటాయి కాబట్టి, రెండేసి కలిపి వెదురు కర్రకి కట్టెయ్యండి. కాయ గోధుమరంగుకి తిరిగి మూతి విచ్చుకోబోయే ముందు, మంచు ఆరాక కొయ్యాలి. ఆలస్యమైతే గింజ మడిలోనే రాలుతుంది. కాయ లోపలి నూగు దురద పెడుతుంది, చేతికి గుడ్డ చుట్టుకోండి. నాలుగు రోజులు ఎండబెట్టి, చల్లారాక, అడుగున పిడికెడు బూడిద పోసిన డబ్బాలో మూత బిగించి పెడితే వచ్చే జూన్‌కి కొట్టు మెట్లెక్కే పని లేదు. ఆ డబ్బాలోంచి కూడా, విత్తే ముందు, యాభై గింజలు తడిగుడ్డలోకి తీయండి.