ఇల్లు మారుతున్నారా? సామాను బండి కదిలేలోపే ఈ కాగితాలు చేతిలో ఉండాలి

విజయవాడ, గుంటూరు నుంచి బెంగళూరు, హైదరాబాదు, చెన్నై వైపు ఇల్లు మారేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఇంటికొచ్చి సామాను చూడకుండా ఫోన్‌లోనే రేటు చెప్పే ప్యాకర్స్ అండ్ మూవర్స్‌కి సామాను అప్పజెప్పకండి. "రెండు బెడ్‌రూములేగా సార్, పదహారు వేలకి బెంగళూరులో దించేస్తాం" అన్నారంటే అది మీ చేత ఊఁ అనిపించడానికి చెప్పిన రేటు. అసలు రేటు దారిలో చెప్తారు. అప్పటికి మీ ఇల్లంతా వాళ్ల బండిలో ఉంటుంది, మీరేమో పిల్లల్నీ పెద్దవాళ్లనీ కారెక్కించుకుని టంగుటూరు టోల్‌గేటు దాటి ఉంటారు.

మోసం నడిచే తీరు దాదాపు ఒకటే. నెట్‌లో మన నంబరు ఇచ్చిన పది నిమిషాల్లో నాలుగైదు ఫోన్లు వస్తాయి. మాట్లాడేవాడు దళారీ, బండి ఇంకొకరిది, హమాలీలు వేరొకరి మనుషులు. రెండు మూడు వేలు అడ్వాన్సు ఎవరి పేరు మీదో ఉన్న యూపీఐకి వేయించుకుంటారు. పొద్దున్నే వస్తామన్న మనుషులు మధ్యాహ్నం దాటాక వస్తారు. చీకటి పడుతోందని కంగారు పెట్టి, పెట్టెలకు నంబర్లు వేయకుండా టేపు చుట్టేసి, ఖాళీ ఫారం మీద సంతకం పెట్టించుకుంటారు. బండి నేరుగా బెంగళూరు వెళ్లదు. ఊరి చివర ఏదో గోడౌనులో సామాను దించి, ఇంకో రెండు మూడు ఇళ్ల సామానుతో కలిపి పెద్ద లారీకి ఎక్కిస్తారు. పార్ట్ లోడ్ అంటే ఇదే. అందులో తప్పు లేదు, చౌకగానూ వస్తుంది. కానీ ఆ మాట ముందే చెప్పాలి. రెండుసార్లు అదనంగా దించి ఎక్కించడంలోనే అద్దాలు పగిలేది, పెట్టెలు తారుమారయ్యేది.

ఆ తర్వాత ఫోను. "సార్, సీఎఫ్‌టీ ఎక్కువొచ్చింది, ఇంకో పద్దెనిమిది వేలు వేస్తేనే లోడు కదులుతుంది, లేదంటే రోజుకింత గోడౌను అద్దె."

ఈ సీఎఫ్‌టీ లెక్క మనకు తెలిస్తే సగం మోసం అక్కడే ఆగుతుంది. సీఎఫ్‌టీ అంటే ఘనపుటడుగులు: పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలిచి మూడూ గుణించాలి. డబుల్ కాట్ బిగించి ఉండగా కొలిస్తే 6.5 × 6 × 3, అంటే 117. అదే మంచం విప్పి చెక్కలన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే 6.5 × 3 × 1, అంటే 19.5. లారీలో మంచం వెళ్లేది విప్పిన తర్వాతే, బిల్లు మాత్రం బిగించిన లెక్కకి వేస్తారు. డైనింగ్ టేబులు, సోఫా కాళ్లు కూడా ఇంతే. ఇంకో ఉపాయం చెప్తాను. మీ ఇంటి దగ్గర ఎక్కించిన బండి లోపలి కొలత టేపుతో తీసుకోండి. 14 అడుగుల పొడవు, ఆరేసి అడుగుల వెడల్పు, ఎత్తు ఉన్న బండి అంచుల దాకా నిండినా 504 దాటదు. సామాను మొత్తం అందులో పట్టి తలుపు కూడా పడిందంటే, మర్నాడు వాడు చెప్పే 650 అబద్ధమే. తలుపు వేసేముందు లోపలి లోడు ఫోటో తీసి ఉంచండి.

చెక్‌పోస్టు ఖర్చులు, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం) ఖర్చులు అని అడిగినా ఇవ్వకండి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక సేల్స్ టాక్స్ చెక్‌పోస్టులు ఎత్తేశారు. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు అక్కర్లేదని రూల్సులోనే ఉంది. టోలు ఎటూ లారీ ఫాస్టాగ్‌లో కట్ అవుతుంది, అది కిరాయిలో కలిసి ఉండాల్సిన ఖర్చు. ప్యాకింగుతో కలిపి చేసే తరలింపుకి సాధారణంగా 18 శాతం జీఎస్టీ వేస్తారు. వేస్తే వేశారు, జీఎస్టీ నంబరున్న బిల్లు మాత్రం అడగండి. పదిహేను అక్షరాల ఆ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రానివి: ఆంధ్రకి 37, తెలంగాణకి 36, కర్ణాటకకి 29. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే సంస్థ పేరు, రిజిస్టరైన తేదీ, ఇంకా నడుస్తోందా రద్దయిందా అన్నీ కనిపిస్తాయి. అక్కడి పేరు, కొటేషన్ మీది పేరు, డబ్బు వేయమన్న ఖాతా పేరు ఒకటి కాకపోతే అక్కడితో ఆపేయండి.

ఇక కాగితాలు. కొటేషన్‌లో "ప్యాకింగు, ఎక్కించడం, కిరాయి, టోలు, దించడం, పై అంతస్తుకి మోయడం అన్నీ కలిపి ఇంత" అని రాయించుకోవాలి. లిఫ్టు ఉందా లేదా, లారీ గుమ్మం దాకా వస్తుందా అన్నది మీరే ముందు చెప్పండి, లేకపోతే అక్కడ హమాలీలు విడిగా అడుగుతారు. రెండోది, వరస నంబర్లతో సామాను జాబితా, ఇద్దరి సంతకాలతో. "కిచెన్ సామాను 1 పెట్టె" అని రాస్తే లాభం లేదు. "14: మిక్సీ, మూడు జార్లు, కుక్కర్ 5 లీటర్లు" అని ఉండాలి. ప్రతి పెట్టెకీ రెండు పక్కల మార్కరుతో అదే నంబరు వేయండి. మూడోది ఎల్ఆర్, అంటే లారీ రసీదు, కాపీ. దాని మీద లారీ నంబరు, డ్రైవరు ఫోను, ఎక్కడి నుంచి ఎక్కడికి, మొత్తం కిరాయి, ఇచ్చింది, బాకీ అన్నీ ఉండాలి. పార్ట్ లోడ్ అయితే లారీ మారిన రోజున కొత్త నంబరు వాట్సాప్‌లో పంపాలని ముందే రాయించండి. బండి మొత్తం మీదే అయితే తాళం మీ ఇంట్లోదే వేసి చెవి మీ దగ్గర పెట్టుకోండి. ఇంతకంటే గట్టి రక్షణ లేదు.

ఇన్సూరెన్సు దగ్గర చాలామంది నష్టపోతున్నారు. సామాను విలువ మీద మూడు శాతం అని కొటేషన్‌లో వేస్తారు, పాలసీ మాత్రం ఎక్కడా ఉండదు. ఎఫ్ఓవీ (ఫ్రైట్ ఆన్ వేల్యూ) అని రాస్తే అది ఇన్సూరెన్సు కాదు, వాళ్లు వసూలు చేసుకునే రుసుము మాత్రమే. ఇన్సూరెన్సు కంపెనీ ఇచ్చిన పాలసీ నంబరు, అందులో మీ పేరు ఉంటేనే డబ్బు కట్టండి. పాలసీలో ఉన్నది 'బి' క్లాజు అయితే నిప్పు, లారీ బోల్తా, గుద్దుకోవడం లాంటి ప్రమాదాలకే వస్తుంది. దించేటప్పుడు టీవీ పగిలితే రావాలంటే 'ఎ' క్లాజు ఉండాలి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం, 2011 రూల్సు ప్రకారం సామాను పోయినా పాడైనా రవాణాదారు బాధ్యత మామూలుగా కిరాయికి పది రెట్ల వరకే, అదీ మీరు రాసిచ్చిన విలువకి మించదు. అందుకని ఫారంలో సామాను విలువ రాసే గడి ఖాళీగా వదలొద్దు. "ఓనర్స్ రిస్క్" (నష్టమొస్తే సామాను యజమానిదే బాధ్యత) అని ముద్ర ఉంటే కొట్టేయించి సంతకం పెట్టండి.

ప్యాకింగులో మనుషుల మీద వదిలేయకూడనివి కొన్ని ఉన్నాయి. ఫ్రిజ్ ముందు రోజే ఆపి, ఐసు కరిగించి, తుడిచి ఆరబెట్టాలి. నిలబెట్టే తీసుకెళ్లాలి. పడుకోబెడితే కంప్రెసరులో నూనె గొట్టాల్లోకి వెళ్తుంది, వెంటనే స్విచ్ వేస్తే కంప్రెసరు పోతుంది. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీనుకి కొన్నప్పుడు వెనక వచ్చిన ట్రాన్సిట్ బోల్టులు మళ్లీ బిగించాలి, లేకపోతే దారి పొడవునా డ్రమ్ము ఊగి సస్పెన్షను దెబ్బతింటుంది. ఇన్వర్టరు బ్యాటరీ నిలువుగా, మంచాలకీ బట్టలకీ దూరంగా పెట్టించండి, యాసిడ్ చుక్క పడితే గుడ్డ చిల్లే. గ్యాస్ సిలిండరు లారీ ఎక్కకూడదు. సిలిండరు, రెగ్యులేటరు మీ ఏజెన్సీలో అప్పగించి టెర్మినేషన్ వోచరు తీసుకుంటే డిపాజిట్ వెనక్కి ఇస్తారు, కొత్త ఊళ్లో దాని మీద కనెక్షను తీసుకోవచ్చు. బైకులో పెట్రోలు ఖాళీ చేసి ఇవ్వండి.

ఆవకాయ జాడీ మాత్రం లారీలో వేయకండి. ఎండకి నూనె పైకి తేలి, కుదుపులకి మూత పక్కనుంచి కారి, కింద పెట్టెలోని పట్టుచీరల దాకా దిగుతుంది. మూతి మీద పాలిథీన్ కవరు, దాని మీద వాసెన గట్టిగా బిగించి, కారులో ముందు సీటు కింద కాళ్ల దగ్గర నిలబెట్టండి. బంగారం, సర్టిఫికెట్లు, దస్తావేజులు, మందులు, దేవుడి పటాలు, పాలు పొంగించే గిన్నె, ఇండక్షన్ స్టవ్, రెండు దుప్పట్లు కూడా కారులోనే. లారీ మొత్తం మీ సామానుకే అయితే బెంగళూరు మర్నాటికి చేరుతుంది, పార్ట్ లోడ్ నాలుగైదు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. ఈలోపు ఇల్లు గడవాలి కదా.

డబ్బు ఒకేసారి ఇవ్వొద్దు. బుకింగుకి కొంచెం, ఎల్ఆర్ చేతికొచ్చాక సగం, సామాను దించి లెక్క సరిపోయాక మిగతాది. దీనికి ఒప్పుకోనివాళ్లని వదిలేయండి. ఆషాఢం వెళ్లగానే శ్రావణంలో, బడులు తెరిచేముందు, నెలాఖర్లలో బళ్లు దొరకవు. ఆ రోజుల్లోనే జనం తొందరలో దొరికినవాడికి ఒప్పుకుంటారు, కాబట్టి మూడు వారాల ముందే మాట్లాడుకోండి.

అయినా దారిలో ఫోను వస్తే కారు పక్కన ఆపి నిదానంగా మాట్లాడండి. ఎంత, ఎందుకు అన్నది వాట్సాప్‌లో రాసి పంపమనండి. ఆ మెసేజీ, ఎల్ఆర్, జాబితా చేతిలో ఉంటే 112కి చెప్పి, సామాను ఎక్కించిన చోటి స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. నమ్మి అప్పజెప్పిన సామాను రవాణాదారే దిగమింగితే భారతీయ న్యాయ సంహిత 316, బెదిరించి డబ్బు గుంజితే 308 సెక్షన్లు ఉన్నాయి. కాగితం లేకపోతే ఇది మీరూ వాళ్లూ చూసుకోవాల్సిన కిరాయి తగాదా అంటారు. వినియోగదారుల హెల్ప్‌లైను 1915. వినియోగదారుల కమిషన్‌లో కేసు కొత్త ఊళ్లోనే వేయొచ్చు, విజయవాడ తిరగక్కర్లేదు. రెండేళ్లలోపు వేయాలి, కిరాయి ఐదు లక్షల లోపయితే ఫీజు లేదు.

దించేటప్పుడు ఒకరు గుమ్మం దగ్గర జాబితా పట్టుకుని నంబరు నంబరుకీ టిక్ పెట్టాలి. తడిసినవి, పగిలినవి డ్రైవరు ఉండగానే ఎల్ఆర్ మీద రాయండి: "22వ పెట్టె తడిసింది, బీరువా అద్దం పగిలింది". ఆ కాగితం ఫోటో తీశాకే బాకీ ఇవ్వండి. నష్టపరిహారం కోరాలంటే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రవాణాదారుకి రాతపూర్వకంగా నోటీసు వెళ్లాలి. రిజిస్టరు పోస్టులో పంపి రసీదు దాచండి.