స్లాబు వేడికి తెల్లపూతా, థర్మాకోలా: ఏది మేలు?

పై అంతస్తులో ఉండేవాళ్లు మే నెలలో రాత్రి తొమ్మిదింటికి కుర్చీ ఎక్కి స్లాబు అడుగున అరచెయ్యి ఆనించి చూడాలి. బయట గాలి అప్పటికి కాస్త చల్లబడి ఉంటుంది గానీ చేతికి తగిలే సిమెంటు ఇంకా కాలుతూనే ఉంటుంది. అయిదంగుళాల కాంక్రీటు పగలంతా మింగిన ఎండను కొన్ని గంటలు ఆలస్యంగా కిందికి వదులుతుంది. ఫ్యాను వేస్తే ఆ కప్పు కింద పేరుకున్న వేడిగాలే మంచం మీదికి దిగుతుంది. దీనికి బజారులో దొరికే విరుగుళ్లు ప్రధానంగా రెండు: ఎండను పైనే తిప్పికొట్టే తెల్లపూత, ఎండకూ స్లాబుకూ మధ్య అడ్డంగా వేసే థర్మాకోల్ లాంటి పొర.

ముందు తెల్లపూత సంగతి. పాతబడి మాసిన డాబా తన మీద పడిన ఎండలో మూడోవంతు కూడా వెనక్కి పంపదు. కొత్తగా వేసిన మంచి కూల్ రూఫ్ పెయింటు 80 శాతం దాకా పంపేస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఎక్కువగా నమ్ముకున్నది ఇలాంటి పూతలనే. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను చల్లబరచాలన్నది అందులో లక్ష్యం. డబ్బు లేకపోతే సున్నమైనా మేలే. కాకపోతే తొలకరి వానలకు అది కారిపోతుంది, మళ్లీ వేసవికి మళ్లీ పూయాలి. వెండిరంగు పూత జోలికి మాత్రం వెళ్లకండి. చూడటానికి తళతళలాడుతుంది కానీ, ఒకసారి వేడెక్కాక ఆ వేడిని ఆకాశంలోకి తెలుపు వదిలినంత సులువుగా వదలదు.

తెల్లపూతకు ఉన్న గుణం ఇదే: పగలు వేడిని రానివ్వదు, రాత్రి పోనిస్తుంది. స్లాబు తన వేడిని పైకి వదులుకుంటుంటే అడ్డుపడదు. అనంతపురం, రామగుండం లాంటి పొడిగాలి ఊళ్లలో ఈ లాభం ఎక్కువ. మచిలీపట్నం వైపు గాలిలో తేమ ఉంటుంది కాబట్టి రాత్రి చలువ అంతగా దక్కదు. ఇక దీని బలహీనత దుమ్ము. రోడ్డు పక్క ఇల్లయితే ఏడాది తిరిగేసరికి తెలుపు బూడిదరంగుకు దిగుతుంది. నీళ్ల ట్యాంకు పొర్లే చోట నాచు పడుతుంది. శివరాత్రి వెళ్లాక ఒకసారి చీపురు పట్టి కడగాల్సిందే. డాబా మీద మధ్యాహ్నం వడియాలు ఎండబెట్టే ఇళ్లలో కళ్లు మిరుమిట్లు గొలుపుతున్నాయన్న ఫిర్యాదు తప్పదు.

థర్మాకోల్ పని వేరు. దాని బలం తెలియాలంటే ఒక్క లెక్క చాలు: వేడిని ఆపడంలో ఒక అంగుళం థర్మాకోల్ దాదాపు నాలుగు అడుగుల కాంక్రీటుకు సమానం. ఇళ్ల కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం, లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరు పైకప్పు గుండా 1.2 వాట్లకు మించి వేడి దాటకూడదు. మన ఉత్త స్లాబు గుండా దాటేది 3 వాట్లకు పైనే. రెండంగుళాల పొర పరిస్తే 1 వాటు లోపే ఆగిపోతుంది.

అయితే ఈ పనిలో శ్రమ ఎక్కువ. టీవీ పెట్టెలో వచ్చే మెత్తటి థర్మాకోల్ ఇందుకు పనికిరాదు. బరువుకు అణగని, నీరు పీల్చని గట్టి రకం పలకలు కావాలి. వాటర్ ప్రూఫింగ్ చేసి, పలకలు పరిచి, పైన వాలు సరిచూసి కాంక్రీటు పొయ్యాలి. పిట్టగోడ ఎత్తు ఆ మేరకు తగ్గుతుంది, తూములు పైకి జరపాలి. తరవాత ఎక్కడైనా కారితే ఆ చోటు పట్టుకోవడం మహా కష్టం.

ఇంకో చిక్కు ఉంది, అమ్మేవాళ్లు దీన్ని చెప్పరు. పడమటి గోడ నుంచీ వంటింటి నుంచీ లోపలికి చేరిన వేడి రాత్రి పైకప్పు గుండా బయటికి పోలేదు. కిటికీలు తెరిచి పడుకునే అలవాటు ఉంటే సరే. దొంగల భయంతోనో దోమల భయంతోనో మూసుకుంటే ఉక్కపోతే.

అందుకే ఏసీ లేని ఇంటికి నా ఓటు తెల్లపూతకే. పగలూ రాత్రీ ఏసీ నడిచే ఇంటికి పొరే మేలు, ఎందుకంటే అక్కడ లోపలి చల్లదనాన్ని కాపాడుకోవాలి. దాని మీద కూడా తెలుపు వేస్తే ఇంకా మంచిది. కొత్తగా కట్టుకుంటున్నవాళ్లు పొర పనిని స్లాబుతోపాటే ముగించుకోవాలి. ఇల్లు కట్టేశాక చేయిస్తే ఖర్చుతోపాటు తలనొప్పీ పెరుగుతుంది. రేకుల ఇంటికి మొదట తెలుపే. పలచని రేకు కాబట్టి తేడా ఆ మధ్యాహ్నమే తెలుస్తుంది.

ఇక ఫాల్స్ సీలింగు. ఒట్టి జిప్సం పలక వేడిని ఆపేది తక్కువ. పైన స్లాబు కాగుతూనే ఉంటుంది, ఆ సెగ మధ్యలోని ఖాళీని దాటి పలకను తాకుతుంది. పలక మీద గాజు ఉన్నిగానీ రాతి ఉన్నిగానీ పరిస్తేనే చెప్పుకోదగ్గ ఫలితం ఉంటుంది. అందం కోసమైతే నిరభ్యంతరంగా వేయించుకోండి. ఎండకని మేస్త్రీ చెబితే మాత్రం, పలక పైన ఏం పరుస్తున్నాడో నిచ్చెన ఎక్కి చూశాకే డబ్బు ఇవ్వండి.