రోబోటిక్స్ టీమ్‌కి ఆన్‌షేప్ ఎలా ఉంది?

హన్మకొండలో మా కాలేజీ రోబోటిక్స్ టీమ్‌కి డిజైన్ పని చూసేది నేనే. ఛాసిస్, గ్రిప్పర్, మోటార్ బ్రాకెట్లు అన్నీ ఆన్‌షేప్ అనే 3డీ డిజైన్ (క్యాడ్) సాఫ్ట్‌వేర్‌లోనే గీస్తున్నాం. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఇన్‌స్టాల్ చేసేదేం లేదు. గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్ అందరి దగ్గరా ఉండదు కదా, మాకు అదే పెద్ద మేలు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఒకే మోడల్ మీద ఇద్దరు ముగ్గురం ఒకేసారి పనిచేయగలగడం. కాజీపేటలో ఇంటి దగ్గర కూర్చుని జూనియర్ ఒక రంధ్రం జరిపితే, నాకిక్కడ అప్పుడే కనబడుతుంది. "అన్నా, లేటెస్ట్ ఫైల్ ఏది?" అనే మాటే లేదు. ప్రతి మార్పూ హిస్టరీలో ఉంటుంది. కొత్త ఆలోచన వస్తే బ్రాంచ్ (అసలు డిజైన్‌ని కదపని విడి పాయ) తీసి ప్రయత్నించి, కుదిరితే అసలు డిజైన్‌లో కలిపేయొచ్చు.

ప్లేటు మందాన్ని తప్పకుండా వేరియబుల్‌గా పెట్టుకోండి. షాపులో 3 ఎంఎం అక్రిలిక్ దొరక్క 5 ఎంఎం తీసుకోవాల్సి వస్తే, ఆ ఒక్క అంకె మారిస్తే చాలు, దానికి ముడిపెట్టిన స్లాట్లన్నీ సర్దుకుంటాయి. తర్వాత ప్లేటు ముఖాన్ని డీఎక్స్ఎఫ్‌గా (2డీ గీతల ఫైల్‌గా) ఎగుమతి చేసి లేజర్ కటింగ్‌కి ఇచ్చేయడమే.

మామూలు ఉచిత ఖాతాలో డిజైన్లు అందరికీ కనబడతాయి, అందుకే విద్యార్థి ఖాతా తీసుకోండి, అదీ ఉచితమే. నెట్ లేకపోతే పని ఆగిపోతుంది. పోటీకి బయల్దేరే ముందు డ్రాయింగ్‌ల పీడీఎఫ్‌లు, స్టెప్ ఫైళ్లు (వేరే క్యాడ్ సాఫ్ట్‌వేర్లలోనూ తెరుచుకునే 3డీ ఫైళ్లు) దించుకుని పెట్టుకోండి.