ఏవీఆర్ టూల్‌చెయిన్‌కు సొంత డెబ్ ప్యాకేజీ: కొన్నేళ్ల వాడకం తర్వాత

మాది విజయవాడ ఆటోనగర్‌లో చిన్న యూనిట్. బోరు మోటార్లకు టైమర్ బోర్డులు చేస్తాం. చిప్పు ఏవీఆర్ కుటుంబంలోని అట్‌మెగా328పీ: 32 కేబీ ఫ్లాష్, 2 కేబీ ర్యామ్. సిస్టమ్‌లన్నీ ఉబుంటూ లినక్స్.

ఉబుంటూ 22.04లో నేరుగా దొరికే ఏవీఆర్ కంపైలర్ (మనం రాసిన కోడ్‌ను చిప్పు భాషలోకి మార్చేది) జీసీసీ 5.4, అంటే 2016 నాటిది. నమ్మదగ్గదే, కానీ మాకు సీ++17 (సీ++ భాష 2017 ప్రమాణం) కావాలి. అందుకే జీసీసీ 12ను సోర్స్ నుంచి బిల్డ్ చేసి, డెబ్ ప్యాకేజీగా (ఉబుంటూలో ఇన్‌స్టాల్ చేసే ఫైలుగా) కట్టి వాడుతున్నాం.

బిల్డ్ పెద్ద కష్టం కాదు. ముందు బైన్‌యుటిల్స్ (అసెంబ్లర్, లింకర్), దాన్ని పాత్‌లో (సిస్టమ్ ప్రోగ్రాములను వెతికే చోట్లలో) పెట్టాక జీసీసీ, చివర ఏవీఆర్-లిబ్‌సీ (చిప్పుకు కావలసిన సీ లైబ్రరీ). ఈ మూడూ కలిస్తేనే టూల్‌చెయిన్. వరస తప్పకూడదు, అంతే. జీసీసీ 12లో ఒక చికాకు ఉంది: రిజిస్టర్లను (చిప్పు హార్డ్‌వేర్‌ను నడిపే మెమరీ చిరునామాలను) తాకే లైన్ల దగ్గర అర్రే హద్దు దాటిందని ఉత్తుత్తి వార్నింగులు వస్తాయి. కంపైలర్‌కు మిన్-పేజ్‌సైజ్ అనే పరామితిని సున్నాగా ఇస్తే ఆగుతాయి.

అసలు పని ప్యాకేజింగ్‌లో ఉంది. డెబియన్ పద్ధతిలో ప్యాకేజీ కట్టేటప్పుడు డీహెచ్-స్ట్రిప్ అనే టూల్ ఫైళ్లలోని డీబగ్ సమాచారం తీసేసి సైజు తగ్గిస్తుంది. అది మన పీసీకి చెందిన స్ట్రిప్ ప్రోగ్రాముతో, చిప్పు కోసం కట్టిన ఏవీఆర్ లిబ్‌జీసీసీని (జీసీసీ సొంత లైబ్రరీని) కూడా తగ్గించబోతుంది. ఆ ఫార్మాట్ దానికి తెలియదు, బిల్డ్ అక్కడే ఆగిపోతుంది. ప్యాకేజీ ఎలా కట్టాలో చెప్పే రూల్స్ ఫైల్లో ఆ లైబ్రరీలను మినహాయించాలి. ఇంకోటి, జీలిబ్‌సీ, అంటే పీసీలో ప్రోగ్రాములన్నీ ఆధారపడే సీ లైబ్రరీ. 22.04లో 2.35 ఉంటుంది, 20.04లో 2.31. కొత్తదాంట్లో కట్టింది పాతదాంట్లో నడవకపోవచ్చు. కాబట్టి 20.04 కంటైనర్లోనే (మన సిస్టమ్‌లో విడిగా నడిచే పాత ఉబుంటూలోనే) కడతాం, రెండింట్లోనూ నడుస్తోంది.

నాకు బాగా కలిసొచ్చింది మాత్రం కంపైలర్‌ను ఆప్ట్ (/opt) ఫోల్డర్లో వెర్షన్ పేరుతో విడిగా పెట్టడం. పాత కంపైలర్, కొత్తది పక్కపక్కనే ఉంటాయి. నూజివీడు మామిడి తోటల్లో ఎప్పుడో బిగించిన బోర్డు రిపేరుకొస్తే, అప్పటి కంపైలర్‌తోనే ఫర్మ్‌వేర్ (చిప్పులో నడిచే ప్రోగ్రాము) మళ్లీ కడతాం. సిస్టమ్ అప్‌డేట్ అయిందంటే ఇప్పుడు టెన్షన్ లేదు.

కాలేజీ ప్రాజెక్టులకు ఇంత అక్కర్లేదు, ఉబుంటూ ఇచ్చేదే చాలు. కానీ సీహెచ్340 (యూఎస్‌బీని సీరియల్ పోర్టుగా మార్చే చిప్పు) ఉన్న చవక ఆర్డుయినో నానో తరహా బోర్డు వాడేవాళ్లు ఒకటి గమనించాలి. 22.04లో పోర్టు కనిపించి వెంటనే మాయమైతే కారణం బీఆర్ఎల్‌టీటీవై, అంటే బ్రెయిలీ పరికరాలను నడిపే ప్రోగ్రాము. కొన్ని బ్రెయిలీ పరికరాలకూ అదే యూఎస్‌బీ నంబరు ఉండటంతో పోర్టును అది తీసుకుంటుంది. దాన్ని పూర్తిగా తీసేయమని చాలామంది చెబుతారు. నాకది నచ్చదు, చూపు లేనివాళ్లలో బ్రెయిలీ పరికరాలతో కంప్యూటర్ వాడేవాళ్లకు అది ఆసరా. దాని యూడెవ్ రూల్‌ ఫైలును (ఏ పరికరం పెడితే ఏం చేయాలో చెప్పేది) ఈటీసీలోని (/etc/udev/rules.d) ఫోల్డర్లోకి అదే పేరుతో కాపీ చేసి, ఆ ఒక్క నంబరున్న లైనును ఆపితే సరిపోతుంది.