గోదాముల పక్కనా, పట్టాల పక్కనా, బైపాస్ పక్కనా: వరంగల్ శివారులో ఇల్లు ఎక్కడ మేలు?

వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ కలిసిపోయి నగరం నలువైపులా పెరుగుతున్న కొద్దీ, మధ్యతరగతి ఉద్యోగికి అందుబాటు ధరలో దొరికే ప్లాట్లలో చాలా భాగం సరుకు రవాణా దారుల పక్కనే ఉంటున్నాయి. గోదాములున్న ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ వైపు కొనాలా, కాజీపేట పట్టాల వైపా, లేక కొత్త బైపాస్ దగ్గరా అని బంధువులూ తోటి ఉద్యోగులూ తరచుగా అడుగుతున్నారు. ఈ మధ్యనే మేము కాజీపేట పట్టాల పక్కన సోమిడి వైపు ఇల్లు తీసుకున్నాక ఆ ప్రశ్నలు మరీ ఎక్కువయ్యాయి. కాబట్టి నా మొగ్గు ఎటో ముందే తెలుసుకుని కింది మాటలు చదవడం మంచిది.

అందరూ మొదట అడిగేది చప్పుడు గురించి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెళ్లు మించకూడదు. ఈ మూడు చోట్లలో ఎక్కడా రాత్రిపూట ఆ హద్దు నిలుస్తుందని ఎవరూ ఆశ పెట్టుకోనక్కరలేదు. చప్పుడు మూడింటా ఉన్నదే గనుక దాన్ని బట్టి ఎంచుకోవడం కుదరదు. నా దృష్టిలో తేల్చవలసిన విషయం ఒక్కటే: మన ఇంటి ముందు సరుకు సాగిపోతుందా, ఆగి ఉంటుందా?

బొగ్గు నింపుకున్న ఒక గూడ్సు రైలుకు యాభై ఎనిమిది వరకు వ్యాగన్లు ఉంటాయి; అది మోసే బరువు మూడున్నర వేల టన్నులకు పైమాటే. అంతటి రైలు కూడా వేగం మీద ఉంటే ఒకటి రెండు నిమిషాల్లో మన గోడ పక్క నుంచి దాటిపోతుంది. అదే బరువును రోడ్డు మీద తరలించాలంటే వందకు పైగా లారీలు కావాలి, వాటిలో ప్రతి లారీ ఎక్కడో ఒకచోట తన వంతు కోసం నిలబడాలి. నిలబడిన లారీకి నీడ కావాలి, డ్రైవర్‌కు స్నానానికి నీళ్లు కావాలి, క్లీనర్ స్టవ్ వెలిగించుకోవడానికి చోటు కావాలి, చీకటి పడ్డాక మరుగు కావాలి. ఇందులో వారి తప్పేమీ లేదు; గోదాము కట్టినవారు లారీలు ఆగే స్థలాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఆ లెక్క కాలనీ వాళ్ల వాకిళ్ల మీద పడుతుంది. బడి బస్సు లోపలికి రాలేకపోవడం, అంబులెన్స్ వీధి మొదట్లోనే నిలిచిపోవడం, మోరీ మీది బండలు బరువుకు విరగడం వంటివన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

ఎనుమాముల సంగతి చూద్దాం. అక్టోబర్‌లో మొదలయ్యే పత్తి, ఫిబ్రవరి నుంచి ఎండాకాలం దాకా వచ్చే మిర్చి, ఈ రెండు కాలాల్లోనూ యార్డు గేట్ల ముందు ట్రాక్టర్లు, డీసీఎంలు, లారీలు వరుస కడతాయి. మిర్చి బస్తాలు కదిలినప్పుడల్లా గాలిలో ఘాటు తేలుతుంది. ఆస్తమా ఉన్నవారు, చిన్నపిల్లలు ఉన్న ఇళ్లవారు దీన్ని తేలికగా తీసుకోకూడదు. చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల్లోకి సరుకు ఎక్కించే పని సీజన్‌లో రాత్రి కూడా ఆగదు. పైగా ఆ వైపు పల్లపు కాలనీల్లో 2020 ఆగస్టు, 2023 జూలై వానలు చేసిన నష్టం ఊరందరికీ తెలిసిందే. మేలు లేకపోలేదు: తెల్లవారుజామున నాలుగింటికే టిఫిన్ దొరుకుతుంది, ఏ వేళకైనా ఆటో ఉంటుంది, రెండు గదులు వేసి కిరాయికి ఇచ్చినా ఖాళీగా ఉండవు. ఇల్లు తాను ఉండడానికి కాక కిరాయి కోసమే కట్టేవారికి నేను ఎనుమాములనే చెబుతాను.

బియ్యం నిల్వ చేసే గోదాముల దగ్గరైతే లారీల కన్నా పెద్ద బాధ లక్క పురుగులది. నిల్వ బియ్యంలో పుట్టిన ఆ చిన్న పురుగులు చీకటి పడగానే దీపాల వెలుగుకు ఇళ్లలోకి వస్తాయి, కంచంలో పడతాయి, పడుకున్న పిల్లల చెవుల్లో దూరతాయి. గోదాముల్లో మందు పెట్టిన కొన్నాళ్లు తగ్గి, మళ్లీ మొదలవుతాయి. ఉత్తర తెలంగాణలో గోదాముల పక్క ఊళ్లవారు వీటి గురించి కలెక్టరేట్ల చుట్టూ తిరిగిన వార్తలు పత్రికల్లో కొత్తేమీ కాదు. దోమతెరలు, కిటికీ జాలీలు కొంత ఆపుతాయి గానీ పూర్తిగా ఆపలేవు. రైసు మిల్లుల పక్కనైతే దీనికి ఊక బూడిద కూడా తోడవుతుంది. వానాకాలం, యాసంగి కోతల తర్వాత సరుకు దింపడం కోసం వడ్ల లారీలు రోజుల తరబడి మిల్లు ముందు నిలబడటం మనవైపు మామూలే.

బైపాస్ వైపు ఆకర్షణ వేరు. హైదరాబాద్ నుంచి భూపాలపట్నం వెళ్లే 163వ జాతీయ రహదారిని కరుణాపురం నుంచి ఆరెపల్లి దాకా ఊరి బయటి నుంచి తిప్పినందువల్ల, ఆ పొడవునా వెంచర్లు వెలిశాయి. రోడ్డు వెడల్పు, భవిష్యత్తులో ధర పెరుగుతుందన్న నమ్మకం, హైదరాబాద్ ప్రయాణం తేలిక కావడం, ఇవన్నీ నిజమే. అయితే ములుగు వైపు నుంచి వచ్చే గోదావరి ఇసుక లారీలు, జగిత్యాల, కరీంనగర్, వరంగల్, ఖమ్మంలను కలిపే 563వ రహదారి మీద తిరిగే గ్రానైట్ లారీలు ఈ చుట్టుపక్కల నుంచే పోతాయి. సరుకు ఇక్కడ సాగేదే కాబట్టి నా లెక్క ప్రకారం ఈ చోటు నెగ్గాలి. కానీ దాబా ఉన్నచోట, డీజిల్ బంకు ఉన్నచోట, టైర్ల కొట్టు ఉన్నచోట అది మళ్లీ ఆగే సరుకే అవుతుంది. వాటికి దూరంగా, రోడ్డుకు రెండు మూడు వరుసల లోపలికి దొరికితే బైపాస్ బాగానే ఉంటుంది. కాకపోతే యూటర్న్ దూరమని ఎదురుగా వచ్చే బైకులను తప్పించుకుంటూ రోజూ పిల్లలను బడికి దింపవలసి రావడం నాకు నచ్చలేదు.

ఇక పట్టాల వైపు. సికింద్రాబాద్, బల్లార్షా, విజయవాడ దారులు మూడూ కాజీపేట దగ్గర కలుస్తాయి గనుక గూడ్సు రైళ్లకు కొదవ లేదు, కానీ కంచె లోపలి పట్టాలు మన వీధిని ఆక్రమించవు. సిగ్నల్ లేక గూడ్సు గంటసేపు ఆగినా మన వాకిలి మూసుకుపోదు. వారం పది రోజుల్లో చెవి ఆ చప్పుడుకు అలవాటు పడుతుంది. మా అత్తయ్య ఇప్పుడు రైలు చప్పుడును బట్టే వేళ చెబుతున్నారు. అయినా మూడు విషయాలు చూడక తప్పదు. లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర కొనకూడదు, ఎందుకంటే గేటు సమీపించినప్పుడు హారన్ మోగించడం లోకో పైలట్ల విధి. గూడ్స్ షెడ్ ఉన్న వైపు కొనకూడదు. సిమెంటు, ఎరువులు దింపే చోట అది పేరుకే రైలు, పనికి గోదామే. రైల్వే సరిహద్దు నుంచి ముప్పై మీటర్ల లోపు కట్టాలంటే, 2012 నాటి 168వ జీవో భవన నియమాల ప్రకారం, రైల్వే వారి నిరభ్యంతర పత్రం కావాలి. ఆ పత్రం చూపకుండా రిజిస్ట్రేషన్ అయితే చాలు కదా అనే దళారీ మాట వినకూడదు. బల్లార్షా, విజయవాడ మార్గాల్లో మూడో లైన్ చేపట్టారు కాబట్టి కంచె ఇప్పుడు ఉన్నచోటే ఎప్పటికీ ఉంటుందని కూడా అనుకోరాదు.

పట్టాలకు ఏ వైపు కొంటున్నామన్నది కూడా ముఖ్యమే. శివనగర్ వైపు వారిని అడిగితే వానాకాలంలో అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలిచి ఊరికి దూరమయ్యే అవస్థ చెబుతారు. కాజీపేటలో ఫాతిమానగర్ వంతెన మీద సాయంత్రం వేళ వాహనాల వరుస మాకూ తప్పదు. ఆసుపత్రి, బడి, ఉద్యోగం ఏ వైపు ఉన్నాయో ఆ వైపే ఇల్లు ఉంటే ఈ తిప్పలు ఉండవు.

గీసుగొండ, సంగెం మండలాల్లోని టెక్స్‌టైల్ పార్కు పరిసరాలు అక్కడే పనిచేసేవారికి తప్ప ప్రస్తుతానికి మరీ దూరం. మడికొండ పారిశ్రామికవాడ పక్కన కొనాలనుకునేవారు ముందు చెత్త డంపింగ్ యార్డు వాసన ఏ గాలికి ఎటు వస్తుందో కనుక్కోవాలి.

గోదాముల వైపే కొనక తప్పని పరిస్థితి ఉంటే ప్లాటును ఆదివారం పగటిపూట చూసి బయానా ఇవ్వకూడదు. ఆ రోజు మార్కెట్ ఉండదు, వీధి ఖాళీగా కనిపిస్తుంది. మిర్చి వచ్చే మార్చిలోనో, వడ్లు వచ్చే మే నెలలోనో పనిరోజు రాత్రి పది దాటాక వెళ్లి, గోదాము గేటు నుంచి పెద్ద రోడ్డు దాకా లారీలు ఏ దారిన పోతున్నాయో, వంతు రానివి ఎక్కడ ఆగుతున్నాయో చూడాలి. ఆవరణలోనే లారీలు నిలిపే స్థలం ఉన్న గోదామైతే వీధి చాలావరకు తెరిపిగానే ఉంటుంది. కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో పక్కనున్న ఖాళీ భూమి ఏ జోన్‌లో ఉందో కూడా చూసుకోవాలి, ఇవాళ మక్కచేను ఉన్నచోట రెండేళ్లలో మరో గోదాము షెడ్డు లేవవచ్చు.