బేలర్, మోవర్ దూరం నుంచి తేవాలంటే: లారీయా, లో-బెడ్ ట్రైలరా?

పంజాబ్ నుంచి గడ్డి కోసే డిస్క్ మోవర్, ఆ గడ్డిని కట్టలు కట్టే స్క్వేర్ బేలర్ తెప్పించుకున్నప్పటి నుంచి అందరూ అడిగేది ఒకటే మాట. "అన్నా, ఎట్లా తెచ్చినావు, లారీలోనా ట్రైలర్ మీదనా, ఏది మేలు?" పలమనేరు, పుంగనూరు పక్క పాడి రైతులు, శ్రీకాళహస్తి పక్క వరిగడ్డి కట్టలు కట్టించి అమ్మేవాళ్లు, అందరూ ఇదే అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి రాసేస్తున్నా.

చాలామంది కిరాయి చూసి బండి మాట్లాడతారు. నేను మాత్రం మిషన్ మన ఊళ్లో ఎక్కడ, ఎట్లా దిగుతుందో చూసుకుని మాట్లాడమంటాను. లూధియానాలో ఎక్కించడం పెద్ద పని కాదు. అక్కడ రోజూ చేసే పనే, క్రేనో మట్టి ర్యాంపో ఏదో ఒకటి ఉంటుంది. కష్టమంతా ఇక్కడికి వచ్చాకే. టన్నున్నర బరువుండే బేలర్‌ని నాలుగడుగులకు పైన ఉన్న లారీ బాడీ మీద నుంచి కిందికి దించాలి. రేణిగుంటలోనో చిత్తూరులోనో అయితే హైడ్రా క్రేన్ దొరుకుతుంది, పల్లెలో దొరికేది జేసీబీ ఒక్కటే.

జేసీబీతో దించితే ఏమవుతుందో మా పక్క ఊళ్లో చూశాను. గొలుసు యాక్సిల్‌కి వేయాల్సింది పోయి కట్ట తయారయ్యే చాంబర్ రేకుకి వేసి ఎత్తారు. బయటికి చూస్తే చిన్న సొట్ట, అంతే. కానీ ఆ చాంబర్‌లో ముందుకీ వెనక్కీ ఆడే ప్లంజర్‌కి ఒక కత్తి, గోడకి ఒక కత్తి ఉంటాయి, వాటి మధ్య సందు మిల్లీమీటరు కూడా ఉండదు. చాంబర్ రవ్వంత వంగిందా, కత్తీ కత్తీ తగులుతుంది, లేదంటే గడ్డి తెగక నలుగుతుంది, కట్ట ఒక పక్కకి వంకరగా వస్తుంది. సీజన్ మొదట్లోనే ఆ బేలర్ షెడ్డుకి పోయింది. వరికోతలు అయిపోయి పొలంలో గడ్డి ఎండి ఉన్న రోజుల్లో, మబ్బు పట్టకముందే కట్టలు కట్టుకోవాల్సిన సమయంలో అట్లా కూర్చోవడం ఎంత బాధో ఆ రైతుని చూస్తే తెలిసింది.

లో-బెడ్ ట్రైలర్ అయితే ఈ గొడవ లేదు. డెక్ మూడడుగుల ఎత్తులో ఉంటుంది, వెనకాల ర్యాంపులు దానికే ఉంటాయి, మన ట్రాక్టర్ వెనక్కి పెట్టి హిచ్ తగిలించుకుని మెల్లగా లాక్కుంటే మిషన్ తన చక్రాల మీదే దిగుతుంది. దేనికీ గొలుసు వేసి గాల్లోకి ఎత్తే పని లేదు. నేను దీన్నే ఎంచుకున్నాను, కిరాయి ఎక్కువని తెలిసే. మా ఊరి దారి సన్నం, అంత పొడుగు బండి తిరగదు, అందుకని హైవే పక్కన గట్టి నేల ఉన్న చోటు ముందే చూసి పెట్టుకుని అక్కడే దించి ట్రాక్టర్‌తో ఇంటికి లాక్కొచ్చాం. ఈ చోటు చూసుకోవడం బండి బయలుదేరకముందే అయిపోవాలి. డ్రైవర్ వచ్చి నిలబడ్డాక వెతికితే అతనికీ టెన్షన్, మనకీ టెన్షన్.

లారీ గురించి కూడా న్యాయంగా చెప్పాలి. మదనపల్లె నుంచి టమాటా వేసుకుని ఉత్తరాదికి పోయే లారీలు ఎన్నో. తిరుగు ప్రయాణంలో ఖాళీగా రాకుండా ఏదో ఒక సరుకు కోసం చూస్తుంటాయి, అట్లాంటి రిటర్న్ లోడ్ దొరికితే కిరాయి బాగా కలిసొస్తుంది. మోవర్, గడ్డిని వరుసలుగా పోగుచేసే రేక్ లాంటివి మాత్రమే అయితే నేను కూడా లారీకే ఓటేస్తాను, నలుగురు మనుషులు, రెండు గట్టి దుంగలు ఉంటే దించేయొచ్చు. బేలర్‌కి మాత్రం ముందు టేపు పెట్టి కొలవండి. లారీ బాడీ లోపల ఏడున్నర, మహా అయితే ఎనిమిది అడుగులు, స్క్వేర్ బేలర్ గడ్డి లాక్కునే పికప్‌తో కలిపి అంతకన్నా వెడల్పు రావచ్చు. అప్పుడు చక్రం ఊడదీసి ఎక్కిస్తారు. ఊడదీసిన చక్రంతో దించడం ఇంకా కష్టం. బాడీ బయటికి పొడుచుకు వచ్చేలా పెడదామని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు, రోడ్డు మీద సరుకు బండికి 2.6 మీటర్ల వెడల్పు దాటకూడదని రూలు ఉంది, దారిలో ఆపితే నష్టం మనకే. క్రేన్ కిరాయి, ఎదురుచూపులు అన్నీ కూడితే రెండింటికీ తేడా మొదట అనుకున్నంత ఉండదు. తెలిసిన ఇంకో రైతు కూడా మిషన్ తెప్పిస్తుంటే ఇద్దరూ కలిసి ఒక లో-బెడ్ మాట్లాడుకోవడం అన్నిటికన్నా మంచిది.

ట్రాక్టర్‌కి తగిలించి రోడ్డు మీద లాక్కురావడం గురించి కూడా కొందరు అడిగారు. ఇరవై ముప్పై కిలోమీటర్లు పర్వాలేదు, అంతకు మించి వద్దు. మిషన్ టైర్ల మీద ఏ6 అని ఉంటే గంటకి 30 కిలోమీటర్లకి, ఏ8 అని ఉంటే 40కి చేసినవి. మన బేలర్లకి బ్రేకులు ఉండవు, మొగిలి ఘాట్ దిగేటప్పుడు అది వెనక నుంచి ట్రాక్టర్‌ని నెడుతుంది. పార్శిల్ ఆఫీసులో పార్ట్ లోడ్, అంటే వేరేవాళ్ల సరుకుతో కలిపి వేయడం విడి భాగాలకి సరే, మిషన్‌కి కాదు, మధ్యలో ఎన్ని చేతులు మారుతుందో చెప్పలేం. పైగా సరుకుతో పాటు ఉండాల్సిన ఈ-వే బిల్లు రోజుకి 200 కిలోమీటర్ల లెక్కన చెల్లుతుంది, గోడౌన్‌లో పడి ఉంటే గడువు దాటిపోతుంది. రైలు సంగతి వదిలేయండి.

ఏ బండి అయినా కట్టడం దగ్గర నిలబడి చూడండి, మీరు పోలేకపోతే ఫోటోలు తెప్పించుకోండి. గొలుసులు యాక్సిల్‌కీ, ముందు ట్రాక్టర్‌కి తగిలించే డ్రాబార్‌కీ వేయాలి, నాలుగు మూలలకీ ఏటవాలుగా లాగాలి. పికప్ పళ్లకి, రేకులకి తాడు తగలకూడదు. ట్రాక్టర్ నుంచి మిషన్‌ని తిప్పే పీటీఓ షాఫ్ట్ ఊడదీసి విడిగా కట్టాలి. బయలుదేరిన యాభై కిలోమీటర్లకి ఒకసారి ఆపి మళ్లీ బిగించమని డ్రైవర్‌కి గట్టిగా చెప్పండి, మొదట్లోనే ఎక్కువ వదులవుతాయి.

లూధియానా నుంచి మనకి దాదాపు 2,400 కిలోమీటర్లు. కర్నూలు దాకా అందరికీ ఒకటే దారి. తిరుపతి, శ్రీకాళహస్తి పక్కవాళ్లు కడప, రాజంపేట, రేణిగుంట మీదుగా రమ్మనండి. పలమనేరు పక్కకి అయితే అనంతపురం, కదిరి, మదనపల్లె దారి మేలు, పొడుగు ట్రైలర్‌తో కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్ ఎక్కి దిగే పని తప్పుతుంది.

మోవర్‌కి గడ్డి కోసే డిస్కులుండే బార్‌ని నిలువుగా మడిచి తెచ్చి ఉంటే దించిన వెంటనే ట్రాక్టర్‌కి తగిలించి తిప్పొద్దు. లోపలి నూనె అంతా ఒక చివరకి చేరి ఉంటుంది. చదునైన నేల మీద పరిచి కాసేపు వదిలేసి, నూనె మట్టం చూసుకుని, ఆ తర్వాతే మెల్లగా మొదలుపెట్టండి.